హాలు గోడకు చీరకట్టు

తిరుపతిలో గృహప్రవేశానికి వెళ్లినవాళ్లు ఇప్పుడు గచ్చు ఎలా ఉందో చూడటం మానేశారు. టీవీకి ఎదురుగోడ చూస్తున్నారు. అక్కడ ఇకత్ ముక్క ఒకటి ఫ్రేములో బిగించి ఉండాలి. సోఫా దిండ్లకు టెంపుల్ బోర్డర్ ఉండాలి, భోజనాల బల్ల మీద పొడుగాటి నేతపట్టీ పరిచి ఉండాలి. ఇవి లేని ఇంటివారికి సంస్కృతి అంటే పట్టింపు లేదని లిఫ్టు దిగేలోపే తీర్మానం అయిపోతుంది. నేతబట్టకు ఇంతటి రాజయోగం పట్టిన వేళ, ఆ గౌరవాన్ని శాస్త్రోక్తంగా, బట్ట మిగలకుండా ఎలా చేయాలో చెప్పే పుస్తకమేదీ లేకపోవడం విచారకరం. ఆ లోటు పూడ్చడానికి ఈ కొన్ని సూచనలు.

కొనేటప్పుడు పాటించాల్సిన మొదటి మర్యాద, బట్టను తిరగేసి చూడకపోవడం. తిరగేశారా, చిక్కులు మొదలవుతాయి. ఇకత్‌లో రంగు వేసేది బట్టకు కాదు, నూలుకు. నేయకముందే పడుగునో (నిలువు పోగులు), పేకనో (అడ్డు పోగులు), రెండింటినీనో కొలత ప్రకారం కట్టలు చేసి, రంగు తగలకూడని చోట గట్టిగా చుట్టి, ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఆ పోగులన్నీ మగ్గం మీద ఎవరి చోట వాళ్లు కూర్చుంటేనే బొమ్మ తేలేది. వెంట్రుకవాసి కూడా జరగకుండా ఏ పోగూ కూర్చోదు కాబట్టి బొమ్మ అంచులు మసగ్గా, ఈకలు ఈకలుగా ఉంటాయి. రంగు పోగంతా పట్టి ఉంటుంది కాబట్టి బట్టకు ముందూ వెనకా ఒకటే. అచ్చుకొట్టిన పాలిస్టరుకు ఈ తద్దినాలేవీ లేవు. బొమ్మ స్కేలు పెట్టి గీసినంత ఖచ్చితం. వెనకవైపు పాలిపోయి ఉంటుంది. కొసనుంచి ఒక పోగు లాగితే పైకి తేలిన చోట రంగు, కింద దాక్కున్న చోట తెలుపు. "ఇది పోచంపల్లేనా అన్నా?" అని అడిగితే "ఒరిజినల్ పోచంపల్లి డిజైన్ అక్కా" అని జవాబొస్తుంది. ఆ జవాబులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. డిజైన్ పోచంపల్లిదే.

పేకనూలు ఆసు పోయడానికి, అంటే కట్లు కట్టే ముందు పుల్లల చుట్టూ వరుసగా చుట్టడానికి, ఒక్క చీరకే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. డిజిటల్ ప్రింటు యంత్రం అదే నొప్పిని ఇంకా తేలిగ్గా పరిష్కరించింది, భుజంతోనే పని లేకుండా చేసి. దానికి ఇంకా ఏ పురస్కారమూ రాలేదన్నది మన ఇళ్ల హాళ్లు కలిసి పట్టించుకోవాల్సిన అన్యాయం.

మన ఊరి సంగతికి వద్దాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. వెలుగోటి రాజుల కాలం నుంచి పేరున్న సన్న నూలు చీరలూ, జాందానీ పనీ ఆ విధంగా మన జిల్లా సొత్తయ్యాయి. శ్రీకాళహస్తి దాటి ఇంకాస్త ఉత్తరానికి పోతే మగ్గం దగ్గరే చూడొచ్చు. అంత దూరం ఎవరు పోతారని మనం హైదరాబాదు పోయి కొంటున్నాం. జాందానీలో హంసో, నెమలో, ఆకో ఏదైనా సరే, ఆ బుటా ఉన్నంత మేరే రంగుపోగును చేత్తో పడుగు పోగుల మధ్య దూర్చి వెనక్కి తిప్పుతారు. అందుకే అది రెండువైపులా ఒకేలా ఉంటుంది, వెనక దారాలు వేలాడవు. జాకార్డు (మగ్గానికి బిగించే డిజైన్ యంత్రం) మీద తీసిన మామూలు బుటాకు వెనకవైపు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుదాకా దారం వదులుగా పరిగెడుతుంది. గాజులకూ ఉంగరాలకూ తగులుకుని తెగుతుంది. తగులుకోకుండా కత్తిరించేస్తే కొన్నాళ్లకు పువ్వే రేకులు రాల్చడం మొదలెడుతుంది. గోడకు కట్టే చీరకు గాజులుండవు గనక ఈ రెండో రకమే గోడకు శ్రేష్ఠం.

చేనేత బట్ట అంచుల వెంబడి సన్నసన్న రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకోకుండా సాగదీసి పట్టే కర్రకుండే సూదులు దిగిన చోట్లవి. అనుభవజ్ఞులైన కొనుగోలుదారులు ఆ రంధ్రాలను వెంటనే పసిగట్టి, "డ్యామేజీ పీసు అంటగడుతున్నావా?" అని గద్దించి, ఒక్క రంధ్రమూ లేని మరమగ్గం బట్టను, చేనేత అని రాసి ఉన్న చీటీ చూసుకుని మరీ తీసుకుంటారు. పై నుంచి కింది దాకా ఒక్క పోగు లావూ తేడా లేకపోతేనే 'చేతి పనితనం' అంటే అని మన నమ్మకం. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు ముద్ర కోసం వెతికే చాదస్తులు కొందరున్నారు గానీ వాళ్ల ఇళ్లలో గోడలు బోసిగా ఉంటాయి.

కలంకారీ గురించి ఒక్క మాట. అది నేత కాదు, రాత. గాడా అనే ముతక నూలు బట్టను కరక్కాయ, గేదెపాలల్లో తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో గీసి, పాత ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన కసింతో నలుపు తెచ్చి, పటిక పూసిన చోట ఎరుపు పట్టించే పని. తిరుపతి నుంచి గంట ప్రయాణంలో శ్రీకాళహస్తిలో ఇప్పటికీ చేస్తున్నారు. అయినా మన ఊళ్లో నల్లటి గీతల మధ్య ఎర్ర పూలున్న ఏ కర్టెన్‌నైనా, రోల్ లెక్కన మీటర్ల చొప్పున కోసి అమ్మినా సరే, కలంకారీ అనే అంటాం. పొరుగూరి మీద ప్రేమ.

ఇక కత్తెర. కర్టెన్లకు పట్టుచీర కోయడం మిక్కిలి ఉన్నతమైన అలంకారం, లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. 7 అడుగుల తలుపుకు పైన 4 అంగుళాలు, కింద 6 అంగుళాలు మడతకు కలుపుకుంటే ఒక్కో ముక్కకు 94 అంగుళాలు పడుతుంది. రెండు ముక్కలకు 188. జాకెట్టు ముక్క తీసేసిన చీర 5.5 మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. మిగిలేది 28 అంగుళాలు. కొంగు గజం ఉంటుంది గనక కత్తెర కొంగులోకి 8 అంగుళాలు దిగుతుంది. ఒక కర్టెన్ అడుగున కొంగు తెగిన ముక్క కనబడుతుంది, రెండోదానికి అది కూడా ఉండదు. 6 అడుగుల బాల్కనీ తలుపైతే కుచ్చులు పడటానికి రెట్టింపు వెడల్పు, 144 అంగుళాలు కావాలి. 46 అంగుళాల పన్నా ఉన్న ముక్కలు మూడేసినా 138 దగ్గర ఆగిపోతాయి. కాబట్టి రెండు చీరలు బలి. ఇంకొక విశేషం ఉంది. చీర కట్టుకున్నప్పుడు దాని వెడల్పే నిలువు. అందుకని ఒంటిమీది బుటాలు వెడల్పు వైపుకు నిలబడి ఉంటాయి. కొంగు వీపున వేలాడేది గనక అక్కడి బొమ్మలు పొడవు వైపుకు నిలబడతాయి. చీరను పొడవునా వేలాడదీస్తే నెమళ్లన్నీ పక్కకు ఒరిగి పడుకుంటాయి. మధ్యాహ్నం పూట నెమళ్లూ నిద్రపోవాలి కదా అని సర్దుకోవచ్చు.

పడమటి కిటికీ అయితే మరీ మంచిది. తిరుపతి మే నెల ఎండకు పట్టు ముందు వెలిసి, తర్వాత పెళుసెక్కి, చివరికి మడత పడే చోట నిలువునా చీలుతుంది. వెనక నూలు లైనింగు వేస్తే ఆ ముచ్చట చాలాకాలం వాయిదా పడుతుంది గనక వేయరాదు. మ్యూజియంలలో పాత బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వరు. మన హాల్లో చీర ముక్కకు రెండడుగుల దూరంలో స్పాట్‌లైటు పెడతాం. వచ్చినవాళ్లకు కనపడాలిగా.

ఫ్రేము కట్టించేటప్పుడు బట్టను ప్లైవుడ్ మీద పరిచి తెల్ల జిగురుతో అంటించి, పైన అద్దాన్ని గట్టిగా అదిమి బిగించమని కార్పెంటరుకు చెప్పాలి. జిగురు ఎండి బిరుసెక్కి పసుపు మరకలు తేలుస్తుంది, మళ్లీ ఊడదీయడానికి వీలుండదు. కార్తీక మాసం ముసురులో అద్దం లోపలివైపు చెమ్మ చేరుతుంది. బట్ట అద్దానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి బూజు నేరుగా బుటాల్లోకే దిగుతుంది, డిజైన్ ఉచితంగా పెరుగుతుంది. కొందరు ఛాందసులు అట్టకు నూలుగుడ్డ తొడిగి, దాని మీద చీరముక్కను సన్నదారంతో కుట్టి, అద్దానికీ బట్టకూ మధ్య పావు అంగుళం సందు వదులుతారు. ఫ్రేము లేకుండా వేలాడదీయాలంటే పై అంచు పొడవునా వెనకవైపు 4 అంగుళాల గొట్టంలాగా గుడ్డ కుట్టి, అందులో కర్ర దూర్చి, బరువంతా సమంగా పంచుతారు. రెండు మేకులు కొట్టి రెండు మూలలు తగిలిస్తే అరనిమిషంలో అయ్యే పనికి ఇంత తతంగమా! మేకుల పద్ధతిలో మధ్యభాగం జోలెలా సాగి, మూలల్లో పడుగు తెగుతుంది. అదొక కళ.

సోఫా దిండ్లకు పట్టు ఇకత్ వాడేవాళ్లు అర అంగుళం కుట్టుకు మించి వదలకూడదు. పల్చటి పట్టులో పోగులు జారతాయి. వెనక లైనింగు లేకుండా, దూది గట్టిగా కూరి, పైన మామయ్యగారు ఆనుకుంటే నెలలోపే కుట్టు పక్కన పోగులు విడిపోయి కిటికీలు తెరుచుకుంటాయి. 16 అంగుళాల దిండుకు అంగుళం కుట్టు వదలాలంటే 18 అంగుళాల ముక్క తీసుకోవాలి, అర అంగుళమైతే 17 చాలు, ఆ ఒక్క అంగుళం పిసినారితనమే ఈ కిటికీలకు మూలధనం. నూలుబట్ట అయితే కుట్టకముందు నానబెట్టి ఆరేయకూడదు. అలా చేస్తే ముడుచుకోవాల్సిందంతా ముందే ముడుచుకుపోతుంది. తొలి ఉతుకులో పైగుడ్డ ఒకలా, లైనింగు ఒకలా ముడుచుకుని దిండు ముఖం చిట్లించే దృశ్యం మనకు దక్కదు.

భోజనాల బల్ల పట్టీ మీద దళసరి ప్లాస్టిక్ షీటు పరవడం మన రాయలసీమ వివేకం. రాగిసంగటి వేడిగిన్నె, పులుసు చుక్కలు ఏవీ బట్టను తాకవు. బట్టను తాకేది కింద ఇరుక్కున్న చెమ్మ ఒక్కటే. ఆరునెలల తర్వాత షీటు లేపితే పట్టీ రంగు కొంత షీటుకు అంటుకుని ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెడితే రెండు పట్టీలు.

దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్లకు చీరలు పరుస్తారు. మెట్టు ఎత్తు 9 అంగుళాలు, లోతు 10 అనుకుంటే మెట్టుకు 19 అంగుళాల చీర. 7 మెట్లకు 133 అంగుళాలు చాలు, చీర పొడవు బోలెడంత మిగులుతుంది. చాలనిది వెడల్పే. కొలువు 6 అడుగులుంటే పక్కపక్కన రెండు చీరలు పరవాలి. కింద పాత పంచె వేసి, చీరను మెట్ల మూలల్లోకి నొక్కి, బొమ్మల బరువుతో నిలబెడితే గుచ్చాల్సిన పని పడదు. కానీ ఇనుప డ్రాయింగ్ పిన్నులు డబ్బా ఖాళీ అయ్యేదాకా గుచ్చితేనే అమ్మవారు తృప్తిపడుతుందని ఒక వర్గం వాదన. తొమ్మిది రోజుల చెమ్మకు ఒక్కో పిన్ను చుట్టూ తుప్పు వలయం. పై ఏడాది అదే చీరను అవే గుర్తుల మీద పరిచి అవే రంధ్రాల్లో గుచ్చుకోవచ్చు. కొలతలు తీసుకునే బాధ తప్పుతుంది.

బీరువాలో దాచిన అసలు పట్టుచీరల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. మూడునెలలకోసారి మడత మార్చి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. మార్చకపోతే జరీ ఉన్న మడత మీదే తెగుతుంది. గంజిపెట్టిన నూలు చీర దాస్తే ఆ గంజి కోసం వెండిపురుగులు వస్తాయి. ఇవన్నీ అందరికీ తెలుసు. అందుకే ఎవరూ చేయరు.

చివరిగా శాలువా. ఇది నేతబట్టల అలంకారంలో పరాకాష్ఠ, గోడ బదులు మనిషికే వేస్తారు. ఆగస్టు 7న, 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజని 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం చేస్తున్నారు కదా, ఆ సభల్లో దీని వైభవం చూడాలి. మగ్గం నేసే పెద్దాయన్ను వేదిక మీదికి పిలిచి, చేనేతను బతికించాలని గంటన్నర చెప్పి, ఆయన భుజాల మీద ప్లాస్టిక్ జరీ పాలిస్టరు శాలువా కప్పుతారు. ఆయన వేళ్లు అలవాటు కొద్దీ దాని అంచును ఒకసారి నలిపి చూస్తాయి. ముఖం మాత్రం ఫోటో వైపే ఉంటుంది. అనుమానమున్నవాళ్లు ఒక పోగు తీసి కాల్చి చూడొచ్చు. నూలైతే మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, నలిపితే పొడి అవుతుంది. శాలువా అయితే కరిగి గట్టి గుండు కడుతుంది. ఇది చెమట పీల్చదు, ముడత పడదు, వెలవదు. అందుకే ఒక సభ నుంచి ఇంకో సభకు తిరుగుతూ కొన్నేళ్లు పనిచేస్తుంది. నిర్వాహకులు ఒక్కటే గుర్తుంచుకోవాలి. కప్పే ముందు కవరులో చెయ్యి పెట్టి ఒకసారి తడుముకోవాలి, లేకపోతే పోయినసారి సన్మానితుడి పేరు చీటీ వేదిక మీదే రాలుతుంది.