వీధి సంతకం లేకుండా బిల్లు ఎలా పాసవుతుంది?

మున్సిపాలిటీ పనికి ఎస్టిమేట్ తయారయ్యాక పెట్టే ప్రజాభిప్రాయ సభకు ఇకమీదట నేను వెళ్లను. వెళ్లి చేసేదేమీ లేదు. టీ తాగాలి, హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకాలనే ‘ప్రజల ఆమోదం’ అని ఫైలుకు జోడించి పైకి పంపుతారు. వార్డు ప్రణాళిక అంటే ఇదేనట.

మా ఊరి పేరు రాయను. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా, మనవాళ్లు తరాలుగా స్థిరపడిన ఒడిశా పట్టణాలలో ఏదో ఒకటి అనుకోండి. పేరు రాస్తే చర్చ అంతా మా కౌన్సిలర్ మంచివాడా, చెడ్డవాడా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆయన మంచివాడే. చావుకూ పెళ్లికీ ముందుంటాడు. నా తగాదా ఆయనతో కాదు.

మా పాత వీధికి గ్రాంటు వచ్చింది. సుందరీకరణ చేశారు. ఉన్న సిమెంటు రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోశారు. రెండు వైపులా రంగురంగుల పేవర్ బ్లాకులు పరిచారు, స్తంభాలకు అలంకార దీపాలు తగిలించారు, బడి ప్రహరీ మీద బొమ్మలు వేయించారు. ఫొటోలో చాలా బాగుంది, కాదనను. కాని రోడ్డు ఇప్పుడు సగం ఇళ్ల గడపల కంటే ఎత్తులో ఉంది. కాలువ మాత్రం పాత లోతులోనే, పాత వాలుతోనే ఉంది. పైగా దాని మీద పేవర్ బ్లాకులు పరిచారు కాబట్టి పూడిక తీయాలంటే ముందు గునపం కావాలి. వాన పడితే నీళ్లు మొదట ఇళ్లలోకి వస్తాయి, ఆ తరువాత తీరిక చూసుకుని కాలువలోకి వెళతాయి.

ఇది ముందే తెలియదా? తెలుసు. సభలో మా వీధి పెద్దావిడ ఒకరు ఇంజనీరును అడిగారు, “ఈ ఎత్తు మీద నుంచి నీళ్లు ఎటు పోతాయి బాబూ?” అని. “ముందు పని కానివ్వండమ్మా, అది తరువాత చూద్దాం” అన్నాడాయన. ఏటా ఆషాఢంలో తన వసారాలోంచి నీళ్లు తోడిపోసుకునే మనిషి అడిగిన ప్రశ్న అది. ఆ సాయంత్రం మొత్తం మీద పనికొచ్చిన సాంకేతిక ప్రశ్న అదొక్కటే. సభలో ఏం జరిగిందో రాసిపెట్టే మినిట్సులో అది లేదు. సభ ఒడియాలో జరిగింది, మాకేమీ ఇబ్బంది లేదు, అందరికీ వచ్చు. మినిట్సు మాత్రం ఇంగ్లీషులో రాశారు, అది ఎవరి సౌకర్యం కోసమో మరి.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. ఏ పద్దు కింద ఎంత వచ్చిందో, దానితో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో సభలో ఎవరూ చెప్పరు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో మనలాంటి చిన్న పట్టణాలకు ఇచ్చిన దానిలో 60 శాతం ముందే ముడి వేసి ఇచ్చారు. సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి, చెత్త నిర్వహణకు. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు, జీతాలకు మాత్రం కుదరదన్నారు. ఈ నాలుగు ముక్కలు సభ మొదట్లో చెబితే కల్యాణ మండపం అడిగేవాళ్లకు ఈ డబ్బుతో అది కాదని అర్థమవుతుంది, కుళాయి గురించి, మురుగు గురించి అడగవలసినవాళ్లు గట్టిగా అడుగుతారు. చెప్పరు కనుక సగం సభ కల్యాణ మండపం మీద, మిగతా సగం “చూద్దాం” మీద గడిచిపోతుంది. పద్దు పేరు మేం చూసేది చివర్లో, పని అయిపోయాక పాతే శిలాఫలకం మీద.

ఇప్పుడు మన కొండల వైపు చూడండి. పంచాయతీ వ్యవస్థను గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అలాంటి ప్రాంతంలో ఏ అభివృద్ధి ప్రణాళికనైనా పంచాయతీ అమలు చేసే ముందు గ్రామసభ ఆమోదించాలి. అంతే కాదు, ఖర్చయిన డబ్బు సరిగ్గా ఖర్చయిందని గ్రామసభ దగ్గరే పంచాయతీ ధ్రువీకరణ తీసుకోవాలి. 2013లో సుప్రీంకోర్టు నియమగిరి తీర్పు తరువాత రాయగడ, కలహండి జిల్లాలలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి, గని ఆగిపోయింది. పల్లెల్లోనూ చాలా సభలు కాగితం మీదే జరుగుతాయని నాకు తెలుసు. అయినా అడగడానికి అక్కడ ఒక చట్టముంది. కొండ మీది పల్లె ఒక పెద్ద కంపెనీని ఆపగలిగిన చోట, కొండ దిగిన పట్టణంలో వీధివాళ్లు ఒక పేవర్ బ్లాకును ఆపలేరు.

ఎందుకంటే మనకు చట్టం ఇచ్చిన సభ అనేదే లేదు. వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది నిజమే, కాని ఆ నిబంధన 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి. ఒడిశా వైపు మన సరిహద్దు పట్టణాలలో 2011 లెక్కల ప్రకారం ఆ గీత దాటింది బరంపురం ఒక్కటే. రాయగడ, పర్లాకిమిడి, గుణుపురం దరిదాపుల్లో కూడా లేవు. షెడ్యూల్డ్ ప్రాంతాలలోని మున్సిపాలిటీల కోసమని 2001లో పార్లమెంటులో పెట్టిన బిల్లు ఇప్పటికీ చట్టం కాలేదు. చిన్న పట్టణంలో పుట్టడమే మన నేరమన్నమాట.

ఒడిశాలో బస్తీల, అంటే మురికివాడల పరిస్థితి ఈ విషయంలో మాకంటే నయం, ఇది నేను ఎకసెక్కానికి అనడం లేదు. బస్తీవాసులకు భూమి హక్కులిచ్చే చట్టం ఈ రాష్ట్రం 2017లో తెచ్చింది. దాని వెంట వచ్చిన బస్తీల అభివృద్ధి కార్యక్రమం జగా మిషన్‌లో బస్తీకో సంఘం ఏర్పడింది. 2020లో కోవిడ్ సమయంలో మొదలై, తరువాత ‘ముక్త’ అని పేరు మార్చుకున్న పట్టణ ఉపాధి పథకంలో కాలువలు, పార్కులు వంటి చిన్న పనులను కాంట్రాక్టరు లేకుండా మహిళా సంఘాలకు, ఆ బస్తీ సంఘాలకు అప్పగించారు. మా పక్క బస్తీలో కాలువ అలాగే కట్టారు. అందంగా లేదు కాని నీళ్లు పోతాయి. కట్టినవాళ్ల ఇళ్లు ఆ కాలువ పక్కనే ఉన్నాయి మరి. మా పెంకుటిళ్ల వీధి బస్తీ జాబితాలో లేదు, కాలనీ జాబితాలోనూ లేదు, కనుక మాకు ఏ సంఘమూ లేదు.

మనవాళ్లను కూడా ఒక మాట అనాలి. వినాయక చవితి చందాల లెక్క మా వీధిలో నిమజ్జనం మర్నాడు పైకి చదువుతారు. మైకు అద్దె దగ్గర, పులిహోర బియ్యం దగ్గర పట్టుకుని నిలదీసేవాళ్లున్నారు. అదే మనుషులు లక్షల రూపాయల రోడ్డు తమ గడప మీదికి వస్తుంటే “ప్రభుత్వ పని కదా” అని తలుపు వేసుకుంటారు. పన్ను కట్టేటప్పుడు మాత్రం అది మన డబ్బే.

నేను అడిగేది ఒకటే, పెసాలో ఉన్నదానిలాంటిదే. పని మొదలయ్యే ముందు ఎస్టిమేట్‌ను మా భాషలో వీధిలో గోడకు అంటించాలి. పని అయ్యాక వీధి సభ పెట్టి, పని సరిగ్గా జరిగిందని సంతకాలు తీసుకోవాలి. ఆ సంతకాలు లేనిదే కాంట్రాక్టరు చివరి బిల్లు కదలకూడదు. మీటర్ల లెక్క ఇంజనీరే రాసుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు. నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం మేం రాస్తాం.

ఇది చెబితే కార్యాలయంలో ఒకాయన నవ్వి, “వీధికి సంతకం ఇస్తే గొడవలు తప్ప పని జరగదు” అన్నారు. గొడవ ఎలాగూ జరిగింది. మొదటి పెద్ద వానకే ఎగువ ఇళ్లవాళ్లు నీళ్లు తమవైపు రాకుండా ఇసుక బస్తాలు వేశారు, దిగువవాళ్లు వాటిని లాగేశారు, రెండు కుటుంబాల మధ్య మాటలు లేవు. అదే గొడవ ఎస్టిమేట్ రాయకముందు, ఇంజనీరు ఎదుట, కాలువ పక్కన నిలబడి పడి ఉంటే వాలు ఎటు ఇవ్వాలో ఆయనకు ఆ రోజే తెలిసేది.