ట్రైకోడెర్మాకు వడదెబ్బ

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఓ ఎరువుల కొట్టు ముందు రేకుల పంచకు ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. 'జీవం ఉన్న మందు' అని పెద్ద అక్షరాలు. మే నెలలో ఆ రేకు కింద మనిషే బతకడం కష్టం. కంటికి కనబడని ఆ శిలీంధ్రం మాత్రం బతికి బట్టకట్టి, గోదావరి చుట్టాలను చూసి మనవాళ్లు కొబ్బరి తోటల్లో ఎప్పుడో వేసుకున్న ముసలి కోకో చెట్లకు యవ్వనం ఇవ్వాలట. యయాతి కూడా ఇంత ఆశపడలేదు.

సైన్సును తప్పుపట్టను. పాతికేళ్లు దాటిన కోకోకి కాపు తగ్గుతుంది. ట్రైకోడెర్మా ఉంటే కాయకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా కొంత అణుగుతుంది, మైకోరైజా అనే మరో శిలీంధ్రం వేళ్లకు భాస్వరం అందిస్తుంది. ఎటొచ్చీ అవి ప్రాణాలతో ఉండాలన్నది చిన్న షరతు.

మొన్న మా బాబాయితో వెళ్లాను. "పాత కోకోయా బాబూ? ట్రైకోడెర్మా రెండు ప్యాకెట్లు పట్టుకెళ్లండి. కాయకుళ్లు కూడా ఉందంటున్నారు కదా, కార్బండజిమ్ అని తెగులు మందు ఇస్తాను. రెండూ ఒకే డ్రమ్ములో కలిపేసి పోసేయండి" అన్నాడు కొట్టాయన.

ఆ డ్రమ్ములో జరిగేది చూడండి. కార్బండజిమ్ ఫైటోఫ్తోరాని ఏమీ చేయలేదు. ట్రైకోడెర్మాని మాత్రం చంపుతుంది. శత్రువు క్షేమం, మిత్రుడు హతం. లారీలో సగం చచ్చి, పంచలో ముప్పాతిక చచ్చి, మిగిలినవి ఈ డ్రమ్ములో సామూహికంగా స్వర్గస్తులవుతాయి. ఆ తీర్థాన్ని బాబాయి చెంబుతో చెట్టు చెట్టుకీ పోస్తాడు.

తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, కిలో ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా రెండు వారాలు ఉంచితే ఆ శిలీంధ్రం దానంతటదే పెరుగుతుందని ఎవడూ చెప్పడు. చెబితే రెండో ప్యాకెట్ ఎవడు కొంటాడు? ఎండు కొమ్మలు తీయమనీ, కుళ్లిన కాయలు ఏరి పారేయమనీ అనడు. కత్తెర మీద కమీషన్ రాదు మరి! ఫలితం లేదంటే మాత్రం "వాడకం తెలీదు" అని రైతు మీదకే నెట్టేస్తారు. కౌలు రైతు నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయ్యా అది! చచ్చిన సరుకు అంటగట్టి, పైగా ఆయనకే పాఠం చెప్పడానికి సిగ్గుండాలి.

ప్యాకెట్ పరీక్ష చేయించమని వ్యవసాయ ఆఫీసుకు వెళ్లాం. అర్జీ ఒడియాలో కావాలన్నారు, రాయించి ఇచ్చాం. గుమస్తా చదివి, ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి మందలించాడు: "ఇలా చేత్తో తెస్తే ఎలాగండీ? జీవం ఉన్న సరుకు. ఐసు పెట్టెలో తేవాలి."