స్పీకర్ కొనేముందు కంసాలిని అడగండి

విశాఖలో ఖరీదైన స్పీకర్లను ఇకపై ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కాక నగల కొట్లలో అమ్మించాలని అధికారులకు నా విన్నపం. ఒకదానిలో వజ్రపు ట్వీటర్ (పై స్థాయి స్వరాలు పలికే చిన్న స్పీకర్), ఇంకోదానిలో బెరీలియం డోమ్ (ట్వీటర్‌లో కంపించే గుండ్రని పొర). బెరీలియం అంటే ఏదో కాదు, పచ్చరాయిలో ఉండే లోహమే. అలాంటప్పుడు తరుగూ మజూరీ కలిపి బిల్లు వేయడమే న్యాయం. ఆ వజ్రం కూడా గనిలోది కాదు, వాయువు నుంచి పొరగా పెంచినది. పాతది తిరిగిస్తే ఎంత వస్తుందో కంసాలే తేల్చాలి.

నవ్వకండి, దీని వెనక శాస్త్రం ఉంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెల్లాగ్ అనే ఇంజినీర్లు అయస్కాంతం నడుమ తీగచుట్ట పెట్టి, దానికి కాగితపు కోన్ (గరాటులాంటి పొర) తగిలించి పాడించారు. వందేళ్లయినా మూలసూత్రం అదే. కోన్ తేలిగ్గా ఉండాలి, వంగకూడదు, తనంతట తాను మోగకూడదు. ఈ మూడూ ఒకచోట కుదరడమే కష్టం. కాగితం తేలికే, మోతనూ అణుచుకుంటుంది, కానీ వంగుతుంది. లోహం అంత తేలిగ్గా వంగదు గానీ ఏదో ఒక స్వరం దగ్గర తానే ఖంగుమంటుంది. అల్యూమినియం డోమ్‌కు ఆ గండం సుమారు 30 వేల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర, వజ్రానికి 70 వేల దగ్గర. మన చెవి హద్దు 20 వేలు. గండం ఎంత దూరం జరిగితే వినపడే మేర అంత శుభ్రంగా ఉంటుందంటారు ఇంజినీర్లు. ఒప్పుకున్నాను. కానీ వజ్రం కొనే స్తోమత వచ్చేసరికి మనకు అరవై దాటతాయి, అప్పటికి చెవికి ఆ 20 వేలూ మిగలవు. పై భాగం వినడానికి గబ్బిలాలను పిలవాల్సిందే.

బెరీలియం అయితే మరీ పెద్దమనిషి. మనవడు వేలితో నొక్కి పగలగొట్టాడా, ముక్కలను చీపురుతో ఊడ్చకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఈ సంగతి పనమ్మాయికి ఎవరు చెబుతారు?

ఇక మన ఉప్పుగాలి. స్పీకర్‌లో ఉండే నియోడిమియం అనే లోహపు అయస్కాంతానికి తుప్పు త్వరగా పడుతుంది, అందుకే నికెల్ పూత వేస్తారు. పాత స్పీకర్ల ఫోమ్ అంచులు ఉక్కకు నీరసించి, వేలు పెడితే నల్లగా జిగటగా అంటుకుంటాయి. విచిత్రమేమిటంటే, నియోడిమియం ఉండే మోనజైట్ ఖనిజం మన భీమిలి ఇసుకలోనే ఉంది. అదే లోహాన్ని విదేశీ పెట్టెలో పెట్టి తెస్తే సుంకం కట్టి కొంటాం.

ఇంత చేసి స్పీకర్‌ను దించేది ఎక్కడ? బీచ్‌రోడ్డు ఫ్లాట్‌లో. కింద నున్నని టైల్స్, ఎదురుగా గోడంతా కిటికీ అద్దం. డోమ్ ఎంత స్వచ్ఛంగా పలికినా, ఆ శబ్దం అద్దానికి కొట్టుకుని మళ్లీ మన చెవికే వస్తుంది. మందపాటి పరదా, ఒక తివాచీ వేస్తే సగం తగ్గుతుందని ఓ పెద్దాయనకు చెప్పి చూశాను.

“పరదా ఏస్తే సముద్రం కనిపించదు కదండీ!” అన్నారాయన.