బడి సైన్సుకు విశ్వవిద్యాలయం ఇవ్వగలిగింది ఏమిటి?

ఒకే రకం బ్యాటరీలు మూడు, ఒకే రకం బల్బులు ఐదు. బ్యాటరీల లోపలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మొదటి బ్యాటరీకి ఒక్క బల్బును కలిపారు; రెండో బ్యాటరీకి రెండు బల్బులను శ్రేణిలో, మూడో దానికి రెండు బల్బులను సమాంతరంగా కలిపారు. ఈ ఐదింటిలో ఏది ఎక్కువ వెలుగుతుందో, ఏది తక్కువ వెలుగుతుందో, ఏవేవి సమానంగా వెలుగుతాయో వరుసలో పెట్టి కారణం చెప్పాలి. లెక్క కట్టాల్సిన పని లేదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్ నడిపిన భౌతికశాస్త్ర విద్యా పరిశోధక బృందం ఈ ప్రశ్నను డిగ్రీ స్థాయిలో ఫిజిక్స్ చదువుతున్న వెయ్యి మందికి పైగా విద్యార్థులకు ఇచ్చి చూసింది. సరైన జవాబు చెప్పినవారు సుమారు 15 శాతం. పాఠం చెప్పకముందు అడిగినా, చెప్పాక అడిగినా ఆ శాతం పెద్దగా కదలలేదు.

జవాబు తెలిశాక తేలికగానే కనిపిస్తుంది. ఒంటరి బల్బు, సమాంతరంగా ఉన్న రెండు బల్బులు సమానంగా వెలుగుతాయి. శ్రేణిలో ఉన్న రెండూ ఒకే తీరున, మిగతా మూడింటికంటే మసకగా వెలుగుతాయి. తప్పు చెప్పినవారు ఇచ్చిన కారణాలు అంతకంటే ఆసక్తికరమైనవి. శ్రేణిలో మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుంది కనుక రెండోది మసకబారుతుందని కొందరు, ఏ వలయానికి కలిపినా బ్యాటరీ ఒకే మోతాదులో కరెంటు ఇస్తుందని మరికొందరు అనుకున్నారు. ఈ మాటలు వారికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు, ఏ టీచరూ నేర్పలేదు. ఏదైనా వాడితే తరిగిపోతుందన్న రోజువారీ అనుభవం నుంచి పుట్టిన ఊహలవి. ఓం నియమం రాసి, విలువలు ప్రతిక్షేపించి సమాధానం రాబట్టగలిగిన విద్యార్థిలోనే ఈ ఊహ చెక్కుచెదరకుండా ఉండిపోగలదు. మార్కులు వస్తున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

బడులకు సైన్సు బోధన వనరులు తయారుచేసి ఇవ్వాలని పూనుకునే విశ్వవిద్యాలయాలు మొదట గమనించవలసింది ఇదే. బడిలో సరైన సమాచారానికి కొరత లేదు. అది పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉంది. పిల్లల ఆలోచన ఎక్కడ చిక్కుకుంటుందో, ఏ ప్రశ్న వేస్తే, ఏ అనుభవం ఇస్తే ఆ చిక్కు వీడుతుందో చెప్పగలిగే జ్ఞానానికే కొరత ఉంది. అది సంవత్సరాల తరబడి విద్యార్థులను ప్రశ్నించి, విని, రాసుకుని, మళ్లీ పరీక్షించి సంపాదించవలసినది. రోజుకు ఐదారు పీరియడ్లు చెప్పి, ఆపై జవాబు పత్రాలు దిద్దే ఉపాధ్యాయురాలికి దానికి వ్యవధి దొరకదు. పరిశోధనే వృత్తిగా ఉన్నచోట దొరుకుతుంది. అయినా విశ్వవిద్యాలయం పేరుతో బడికి చేరే సామగ్రిలో చాలా భాగం ఈ పని జరిగాక తయారైనది కాదు. ఆచార్యుల ఉపన్యాసాన్ని కుదించి, నాలుగు రంగుల బొమ్మలు చేర్చి, చివర ఐదు ప్రశ్నలు తగిలించి పంపినదే.

భిన్నంగా నడిచిన ప్రయత్నాలు లేకపోలేదు. కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో 2002లో మొదలైన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే ప్రయోగాలను కంప్యూటర్ తెరపై చేసి చూసే నమూనాలు, వాటిలో ప్రసిద్ధమైనవి. సత్యేంద్రనాథ్ బోస్ పేరుతో ముడిపడిన బోస్–ఐన్‌స్టీన్ సంఘనితాన్ని (అత్యల్ప ఉష్ణోగ్రతలో ఏర్పడే ఒక పదార్థ స్థితిని) ప్రయోగశాలలో సృష్టించినందుకు 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ వీటికి ఆద్యుడు. ఆ బహుమతి సొమ్ములో కొంత కూడా ఇందులోకి వెళ్లింది. అయితే ఫెట్‌ను నిలబెట్టింది నోబెల్ పేరు కంటే దాని తయారీ పద్ధతి అని నా అభిప్రాయం. ఒక సిమ్యులేషన్ ముసాయిదా సిద్ధం కాగానే కొద్దిమంది విద్యార్థులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ వాడమంటారు. ఎక్కడ నొక్కారు, దేన్ని చూడకుండా దాటేశారు, ఏ బొమ్మను చూసి తప్పుగా అర్థం చేసుకున్నారు అన్నది గమనించి తెరను మారుస్తారు. నిపుణుడికి స్పష్టంగా కనిపించే గీత విద్యార్థికి కనపడకపోతే, మార్చవలసింది గీతనే.

ఈ పరిశీలనల్లో తేలిన ఒక విషయం వర్క్‌షీట్లు రాసే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. ‘ఈ బటన్ నొక్కండి, ఈ విలువ నమోదు చేయండి’ అంటూ అడుగడుగునా ఆదేశాలు ఇచ్చినప్పుడు విద్యార్థులు ఆ ఆదేశాలను పూర్తిచేసి ఆగిపోయారు. ఒక పెద్ద ప్రశ్న మాత్రమే ఇచ్చి వదిలినప్పుడు ఎక్కువసేపు, ఎక్కువ కోణాల్లో పరిశీలించారు. ఖాళీలు పూరించే వర్క్‌షీట్ తరగతి గదిలో క్రమశిక్షణకు అనుకూలం, అందుకే అది అందరికీ నచ్చుతుంది. ఆలోచనకు అదే అడ్డుపడుతుంది.

విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌పై 2005లో ఆ బృందమే ప్రచురించిన అధ్యయనం మరింత చర్చకు దారితీసింది. ప్రయోగశాలలో నిజమైన తీగలు, బల్బులతో పనిచేసిన కళాశాల విద్యార్థుల కంటే సిమ్యులేషన్ వాడినవారు భావనాత్మక ప్రశ్నల్లో మెరుగ్గా రాశారు. అంతేకాదు, నిజమైన వలయాన్ని చేతులతో అమర్చి వివరించమన్నప్పుడు కూడా మెరుగ్గా చేశారు. దీన్ని పట్టుకుని ప్రయోగశాలలు అనవసరమని వాదించడం తొందరపాటు. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు చిన్న చిన్న గుండ్ల వలె వలయమంతటా కదులుతూ కనిపిస్తాయి. మొదటి బల్బు దాటాక వాటి సంఖ్య తగ్గడం లేదని విద్యార్థి కళ్లారా చూస్తాడు. కరెంటు ఖర్చయిపోతుందన్న ఊహకు నేరుగా తగిలే దెబ్బ అది. నిజమైన రాగి తీగ ఎంత చూసినా ఆ దెబ్బ కొట్టలేదు. అలాగని వదులుగా ఉన్న తీగ చివరను బిగించడం, మాడిపోయిన బల్బును గుర్తించడం, కొలతలో దోషాన్ని అంచనా వేయడం ఏ తెరా నేర్పదు. ఏ పనికి ఏది అన్న విచక్షణ వనరుతో పాటు టీచరుకు అందాలి.

ఆ విచక్షణ ఎంత ముఖ్యమో చెప్పే అంకెలు మరోచోట ఉన్నాయి. బలం, చలనం గురించిన మౌలిక భావనలను పరీక్షించే ప్రశ్నావళిని 1992లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హెస్టెనెస్ తన సహచరులతో కలిసి ప్రచురించారు. రిచర్డ్ హేక్ 1998లో ఉన్నత పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం వరకు 62 కోర్సుల్లో 6,542 మంది విద్యార్థులకు ఈ తరహా ప్రశ్నావళుల్లో వచ్చిన ఫలితాలను పోల్చారు. వారు నేర్చుకోవడానికి మిగిలివున్న దానిలో, ఉపన్యాస పద్ధతిలో చదివినవారు సగటున 23 శాతం అందుకుంటే, చర్చించి, చేసి చూసి, వెంటనే స్పందన పొందిన తరగతుల్లో అది సగటున 48 శాతం. పాఠ్యాంశం రెండు చోట్లా అదే న్యూటన్ యాంత్రికశాస్త్రం. తరగతి గదిలో ఏం జరిగిందన్నదే తేడా.

ఇంత తెలిసినా విశ్వవిద్యాలయాలు టీచరును పక్కనపెట్టే పొరపాటును పదేపదే చేస్తూ వచ్చాయి. 1956లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జెరోల్డ్ జకారియాస్ నాయకత్వాన మొదలైన హైస్కూలు భౌతికశాస్త్ర ప్రణాళికకు, మరుసటి ఏడాది సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక నిధులు వెల్లువెత్తాయి. పుస్తకం, చలనచిత్రాలు, చవక సామానుతో చేసిన ప్రయోగ పరికరాలు, వేసవి శిక్షణలు అన్నీ సమకూరాయి. శాస్త్రపరంగా అది గొప్ప పని. నీటి తొట్టెలో తరంగాలను పుట్టించి కాంతి స్వభావం వైపు నడిపించే తీరు నేటికీ పాతబడలేదు. కానీ శాస్త్రవేత్తకు అందంగా తోచిన క్రమం సగటు విద్యార్థికి కఠినమైంది. టీచరు ఎవరైనా సరే పాఠం చెడకుండా ఉండేలా సామగ్రిని తయారుచేయవచ్చన్న భ్రమ ఆ కాలపు ప్రణాళికలను వెంటాడింది. తాము భాగస్వాములు కాని పాఠాన్ని టీచర్లు తమకు తెలిసిన పాత పద్ధతిలోకే మళ్లించుకున్నారు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం ఈ విషయంలో వేరే దారి పట్టింది. 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన ఈ కార్యక్రమానికి స్థానిక స్వచ్ఛంద సంస్థలు పునాది వేయగా, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ శాస్త్రవేత్తలు వచ్చి పనిచేశారు. అధ్యాయాల ముసాయిదాలను టీచర్ల శిక్షణలో, తరగతుల్లో పరీక్షించి, వారి అభ్యంతరాల మేరకు తిరగరాసేవారు. టీచర్లు క్రమం తప్పకుండా సమావేశమై, ఏ ప్రయోగం విఫలమైందో, పిల్లలు ఏ ప్రశ్న వేసి తమను ఇబ్బంది పెట్టారో చెప్పుకునేవారు. పిల్లలు తమ సందేహాలను సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాసే ఏర్పాటు కూడా ఉండేది. నా దృష్టిలో అన్నింటికంటే సాహసోపేతమైనది మాత్రం పరీక్షను మార్చడం: పుస్తకం తెరిచి రాసే రాతపరీక్ష, దానితో పాటు చేసి చూపే ప్రయోగ పరీక్ష. ప్రయోగాల పాఠం చెప్పి కంఠస్థ పరీక్ష పెడితే నెల తిరిగేసరికి పిల్లలూ తల్లిదండ్రులూ గైడ్ల వైపు మళ్లుతారు, వారిని తప్పుపట్టలేం. చాలా విశ్వవిద్యాలయ వనరులు పరీక్ష జోలికి పోకుండా ‘అనుబంధ సామగ్రి’ అనే హోదాతో సరిపెట్టుకుంటాయి. సిలబస్ ఒత్తిడి పెరగగానే మొదట అటకెక్కేది అనుబంధమే. హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. మూడు దశాబ్దాల పని ఒక పరిపాలనా నిర్ణయంతో ఆగిపోగలదన్నది కూడా దాని నుంచి తెలుసుకోవలసిందే.

విశ్వవిద్యాలయాల లోపలి లెక్కలు కూడా ఈ పనికి అనుకూలంగా లేవు. అధ్యాపకుడి పదోన్నతికి పరిశోధన పత్రాలు లెక్కకొస్తాయి. ఏడో తరగతి పిల్లలతో నాలుగుసార్లు పరీక్షించి మెరుగుపరిచిన పాఠం సాధారణంగా లెక్కకు రాదు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1997 నుంచి ప్రాజెక్టు దరఖాస్తుల్లో సమాజానికి కలిగే విస్తృత ప్రయోజనాన్ని కూడా ఒక ప్రమాణంగా చూస్తోంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ గడిని నింపడానికి ప్రాజెక్టు చివరి నెలల్లో హడావుడిగా రూపొందించిన బడి పాఠాలు, తయారైన నాడే అనాథలవుతాయి. నిధులు అయిపోయాక పాడైన లింకును సరిచేసే బాధ్యత ఎవరికీ ఉండదు. బ్రౌజర్లలో యానిమేషన్లను నడిపే అడోబీ ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 చివర మద్దతు నిలిపివేసినప్పుడు, ఏళ్ల కష్టంతో చేసిన ఎన్నో యానిమేషన్లు తెరుచుకోకుండా పోయాయి. ఫెట్ తన సిమ్యులేషన్లను హెచ్‌టీఎమ్‌ఎల్5 అనే కొత్త వెబ్ ప్రమాణంలోకి తిరగరాసుకుంటూ వచ్చింది కనుక నిలిచింది, అందుకు శాశ్వత బృందం కావలసివచ్చింది. కిట్ల పరిస్థితీ అంతే. పెట్టె మొదటి ఏడాది నిండుగా ఉంటుంది. లిట్మస్ కాగితాలు, బ్యాటరీ సెల్స్, గాజు గొట్టాలు అయిపోయాక వాటిని తిరిగి నింపే ఏర్పాటు లేకపోతే మూడో ఏడాదికి అది బీరువాలో చేరుతుంది.

పరికరం చవకైనంత మాత్రాన ఈ సమస్య తీరదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం 2014లో ప్రపంచానికి పరిచయం చేసిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్, విడిభాగాల ఖర్చు ఒక డాలరు లోపే ఉండేలా రూపొందింది. చిన్న పెట్టెలో తరగతి మొత్తానికి సరిపడా సూక్ష్మదర్శినులు వస్తాయంటే అది చిన్న విషయం కాదు. ఉల్లిపొరను చూసిన పిల్లవాడు ‘గళ్లు గళ్లుగా ఉంది’ అంటాడు. ఆ గళ్లు జీవం ఉన్న కణాలని, అవే ఆ మొక్కను నిర్మించాయని తనంతట తాను అనుకోడు. అక్కడి నుంచి ఏం అడగాలి, తర్వాత దేన్ని చూపించి పోల్చమనాలి, గాలిబుడగను కణమని పొరబడితే ఎలా సరిదిద్దాలి అన్నవి పరికరంతో పాటు రావు.

అందుకే ఒక వనరును తూచేటప్పుడు నేను ముందుగా తెరిచేది విద్యార్థి పేజీని కాదు, ఉపాధ్యాయ కరదీపికను. అందులో సరైన జవాబులు మాత్రమే ఉంటే పక్కన పెట్టవచ్చు. పిల్లలు ఇచ్చే తప్పు జవాబులు వారి మాటల్లోనే ఉండి, ఒక్కోదానికి టీచరు వేయదగిన ఎదురు ప్రశ్న ఉండి, నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఏది వదిలేసినా ఫర్వాలేదో కూడా రాసి ఉంటే, దాన్ని రాసినవారు తరగతి గదిలో కూర్చున్నారని నమ్మవచ్చు. అటువంటి కరదీపిక టీచర్లు సహరచయితలుగా ఉంటే తప్ప రాదు. వారి పేర్లు ముఖపత్రం మీద ఉండాలి, ఆ పనికి బోధన గంటల్లో మినహాయింపు, తగిన పారితోషికం ఉండాలి. ఏ బడుల్లో పరీక్షించారు, ఏ కృత్యాలు విఫలమై తొలగించారు అన్న నివేదికను వనరుతో పాటే ప్రచురించాలన్న షరతును నిధులిచ్చే సంస్థలు పెట్టవచ్చు. నిజంగా పరీక్షించినవారికి అది కొత్త భారమేమీ కాదు, ఆ నోట్సు వారి దగ్గర ఇప్పటికే ఉంటుంది.