బ్లూబుక్ గారికి ఓ ఉత్తరం

బ్రిటిష్ పార్లమెంటు వారి బ్లూబుక్ గారికి,

నమస్కారం. విక్టోరియా రాణి కాలంలో మీకున్న వైభోగం ఎవరికుంది? నీలి అట్ట, సన్నటి అక్షరాలు, పేజీల కొద్దీ పట్టికలు. అప్పట్లో తమ ఏలుబడిలో ఉన్న ఐర్లండ్‌లో ఏదైనా కష్టమొస్తే విచారణ వేసేవారు, నివేదిక రాయించి మీలో అచ్చేసేవారు, అలమరాలో పెట్టేసేవారు. అక్కడితో కష్టం తీరినట్టే. మిమ్మల్ని తెరిచి చూసే పాపానికి మాత్రం పోయేవారు కాదు.

అలాంటి మిమ్మల్ని నిండు సభలో పైకి చదివిన మహానుభావుడు జోసెఫ్ బిగ్గర్ గారు. బెల్‌ఫాస్ట్‌లో పంది మాంసం వ్యాపారి, 1874 నుంచి ఐర్లండ్‌లోని కావన్ తరఫున పార్లమెంటు సభ్యుడు. గూని మనిషి, గరగరలాడే గొంతు. ఆయన్ని గొప్ప వక్త అని శత్రువులే కాదు, మిత్రులూ అనలేదు. 1875 ఏప్రిల్ 22న ఐర్లండ్‌ను అణచే బిల్లు చర్చకొస్తే, కాస్త సాగదీయమని ఐరిష్ పార్టీ నాయకుడు ఐజాక్ బట్ అడిగాడు. కాస్త! ఈయన మిమ్మల్ని చేతపట్టి లేచి దాదాపు నాలుగు గంటలు వాయించారు. వినపడటం లేదని స్పీకర్ అంటే, సామానంతా సర్దుకుని దగ్గరికొచ్చి, కావాలంటే మళ్లీ మొదట్నుంచి చదువుతానన్నారట. ఎంత మర్యాద!

తర్వాత ఐరిష్ వాళ్లకి పెద్ద నాయకుడైన పార్నెల్ సభలో అడుగుపెట్టింది కూడా ఆ రోజే. చరిత్ర ఆయన్ని గుర్తుపెట్టుకుంది. మీకూ బిగ్గర్ గారికీ ఆ యోగం లేదు లెండి.

అయిదు రోజులకే మరో ఘనకార్యం. గ్యాలరీలో యువరాజు కూర్చుని ఉండగా, సభలో బయటివాళ్లు కనిపిస్తున్నారని బిగ్గర్ గారు లేచారు. ఆ మాట ఒక్క సభ్యుడన్నా గ్యాలరీ ఖాళీ చేయించాలని వాళ్లు పెట్టుకున్న నియమమే. కాబోయే రాజుగారూ బయటికి నడిచారు. పెద్దమనుషులకి ఒళ్లు మండింది. నియమం మీద కాదు, దాన్ని నిజమనుకున్న మాంసం వ్యాపారి మీద.

1881లో మరో అణచివేత బిల్లు మీద ఐరిష్ సభ్యుల సాగదీతతో సభ 41 గంటలు సాగింది. చివరికి స్పీకరే చర్చ ఆపేశాడు. మరుసటి ఏడాది చర్చను మధ్యలో ముగించే నియమం వచ్చేసింది. తమ నివేదికలు తామే వినే బాధ వాళ్లకి అలా తప్పింది. మిమ్మల్ని అచ్చెయ్యడం మాత్రం ఆపలేదు సుమా.

ఇట్లు,
మీ అట్ట వరకే చూసిన అభిమాని

తా.క. సభలో అన్ని గంటలు మాట్లాడినా బిగ్గర్ గారికి పైసా ఖర్చు కాలేదు. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పారని ఒకావిడ కేసు వేస్తే మాత్రం, 1883లో 400 పౌండ్లు కట్టమన్నారు.