ఆ చెంబు ఫోటో కాదు, నేను గీసిన బొమ్మ

పోయిన నెల హనుమకొండలో ఒక డిజైన్ పోటీకి నేను పంపిన బొమ్మను చూసీ చూడగానే పక్కన పెట్టేశారు. కారణం అడిగితే "ఫోటోలు పంపవద్దని ముందే చెప్పాం కదమ్మా" అన్నారు. అది ఫోటో కాదు. మా అమ్మమ్మ ఇత్తడి చెంబును చూస్తూ పదకొండు రాత్రులు కూర్చుని ఇల్లస్ట్రేటర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన వెక్టర్ బొమ్మ, అంటే ఫోటోలా చుక్కలతో కాక గీతలతో కట్టిన బొమ్మ. ఫోటోలా ఉందంటే పొంగిపోతాను. ఫోటోనే అని తేల్చేస్తే నన్ను దొంగ అన్నట్టే కదా!

"ఫోటో పెట్టి ట్రేస్ నొక్కితే అయిపోతుంది" అనేవాళ్లు ఇంకొందరు. ట్రేస్ అంటే ఫోటోను దానంతటదే గీతల బొమ్మగా మార్చే మీట. నొక్కి చూడండి. అది ఫోటోను రంగుల ముక్కలుగా కోసి బొంతలా అతుకుతుంది. దగ్గరికి వెళితే అతుకులన్నీ కనిపిస్తాయి. ఇత్తడి మీద వెలుగుకు అతుకు ఉండదు, జారిపోతూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికే 1998 నుంచి ఇల్లస్ట్రేటర్‌లో గ్రేడియంట్ మెష్ అనే పనిముట్టు ఉంది. చెంబు మీద వల కప్పినట్టు గీతలు వేసి, ఒక్కో ముడికి ఒక్కో రంగు ఇస్తే, మధ్యలో రంగులు ఒకదానిలో ఒకటి కరుగుతాయి. ముడులు ఎక్కువైతే ఇత్తడి కాస్తా నలిగిన గుడ్డలా తయారవుతుంది. మూడు రాత్రుల పని అలాగే పోయింది. అంతా చెరిపేసి, చెంబు పొట్టకు నిలువుగా తొమ్మిది, అడ్డంగా ఆరు గీతలతో మళ్లీ మొదలుపెట్టాను.

ఇత్తడి పసుపు అంటారు. చింతపండుతో తోమి కిటికీ పక్కన పెట్టి చూడండి, పసుపు ఎంత తక్కువ ఉందో! గది చీకటి పడినచోట దాదాపు నల్లటి గోధుమరంగు పట్టీ. దాన్ని ఆనుకునే కిటికీ వెలుగు. ఎడమవైపు పెరటి కరివేపాకు చెట్టు పచ్చదనం. ఆ కిటికీ వెలుగుకు తెల్లరంగు వేస్తే నా చెంబు ప్లాస్టిక్ మగ్గులా కనిపించింది. ప్లాస్టిక్ మీద మెరుపు దీపం రంగులోనే ఉంటుంది, ఇత్తడి మాత్రం తన మీద పడిన వెలుగుకు తన రంగు పూస్తుంది. వెన్న రంగు వేశాక గానీ లోహం కాలేదు. చిన్నప్పుడు నేను బావి దగ్గర జారవిడిచినప్పుడు పడిన సొట్టలో కిటికీ ఊచలు వంకర తిరుగుతాయి, ఆ వంపు దొరకడానికే రెండు రాత్రులు పట్టింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అమ్మమ్మ పేరు ఉంది. మొత్తం నలభై ఏడు చుక్కలు. ప్రతి చుక్కకూ కిటికీ వైపు అంచున నీడ, అవతలి అంచున సన్నటి మెరుపు విడివిడిగా గీశాను.

వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే జనగామ దాటాక పెంబర్తి వస్తుంది. అక్కడ ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు లేపుతారు. ఆ పనిని చూసి "అచ్చులో పోశారు" అంటే వాళ్లకు ఎంత కష్టంగా ఉంటుందో, నాకూ అంతే కష్టంగా ఉంది.

ఈ చెంబును శుభలేఖ మూలన అంగుళం బొమ్మగా వేసినా, చౌరస్తాలో ఇరవై అడుగుల ఫ్లెక్సీగా కట్టినా గీత చెదరదు. ఫోన్‌లో తీసిన ఫోటోను అంత పెద్దది చేసి చూడమనండి.

నేను పంపింది అసలు ఫైలే. తెరిచి కంట్రోల్, వై కలిపి నొక్కితే రంగులన్నీ పోయి గీతలు మాత్రమే మిగులుతాయి. ఫోటో అయితే ఖాళీ చట్రం కనిపిస్తుంది. నా ఫైలులో అయితే ఆ వల, ఆ సొట్ట, నలభై ఏడు చుక్కలు కనిపిస్తాయి. ఆ రెండు మీటలు ఎవరూ నొక్కలేదు. ఫైలు నా దగ్గరే ఉంది, అడిగినవాళ్లకు పంపిస్తాను.