మలక్‌పేట జాకీల ‘రహస్యం’లో ఉన్నదంతా నీళ్లే

హైదరాబాద్ మలక్‌పేటలో గుర్రపు రేసుల సీజన్ మొదలైతే చాలు, పాత మెసేజొకటి వాట్సాప్‌లో మళ్లీ తిరగడం మొదలెడుతుంది. దాని సారాంశం: “జాకీలు రెండు రోజుల్లో మూడు కిలోలు తగ్గుతారు. అన్నం, రొట్టె బంద్. నీళ్లు గొంతు తడిసేంతే. ప్లాస్టిక్ సూటు తొడుక్కుని పరుగు, ఆపై ఆవిరి గది. కావాలంటే ఒక నీటి మాత్ర. ఎంత తేలికైతే అంత లాభం. ఇంగ్లండ్ ఛాంపియన్లూ ఇలాగే గెలిచారు.” పెళ్లి బట్టలు పట్టాలనుకునేవాళ్లు పంపుకుంటే నవ్వి ఊరుకోవచ్చు. గుర్రమెక్కే అప్రెంటిస్ కుర్రాడు నమ్మితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

మూడు కిలోలు తగ్గుతారన్నది అబద్ధం కాదు. తగ్గేదేమిటన్న దగ్గరే పేచీ. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. మూడు కిలోలు కరగాలంటే 23,000 ఖర్చవ్వాలి. బక్కపలచని జాకీ రెండు రోజులు కడుపు మాడ్చుకుని పనిచేసినా అందులో నాలుగో వంతు ఖర్చవడమే గగనం. మరి తూకం ముల్లు ఎలా దిగింది? అన్నం, రొట్టెల్లోని పిండిపదార్థాన్ని కండరాలు, కాలేయం గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. దాని ప్రతి గ్రామునూ దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి మానేస్తే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీరూ పోతుంది. మిగతాదంతా చెమట. రేసయ్యాక కడుపునిండా బిర్యానీ తిని నీళ్లు తాగితే చాలావరకు తిరిగొచ్చేస్తుంది.

రేసుకు ముందు జాకీలను తూస్తారు. ఆ తూకం అయ్యాక ఏం చేయాలో మెసేజ్ రాసినాయనకు తట్టినట్టు లేదు. 450–500 కిలోల గుర్రాన్ని గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో, గుంపు మధ్యలో నడపాలి. ఒంటి బరువులో 2 శాతం నీరు పోయినా సత్తువ తగ్గి, గుండె వేగం పెరుగుతుంది. 50 కిలోల మనిషికి అది ఒక్క లీటరే! ఆ స్థితిలో అతని చేయి పట్టు తప్పితే పడేది అతనొక్కడే కాదు, వెనకొచ్చేవాళ్లూ పడతారు. పైగా బ్రిటన్, ఐర్లాండ్ జాకీలను పరీక్షించిన పరిశోధనల్లో చాలామందికి ఎముకల సాంద్రత తక్కువగా తేలింది. కిందపడడం మామూలైన వృత్తిలో పెళుసు ఎముకలు!

నీటి మాత్ర అంటే చాలాసార్లు మూత్రం ఎక్కువగా పోయించే ఫ్యూరోసెమైడే. నీటితోపాటు పొటాషియాన్నీ లాగేసి గుండె లయను చెడగొట్టగలదు. క్రీడల్లో డోపింగ్‌ను అడ్డుకునే అంతర్జాతీయ సంస్థ ‘వాడా’ నిషేధిత జాబితాలోనూ ఉంది. కొన్ని దేశాల్లో ఊపిరితిత్తుల్లో రక్తస్రావమయ్యే రేసుగుర్రాలకు ఈ మందే ఇస్తారు, అదీ వెటర్నరీ డాక్టర్ చేతుల మీదుగా. మనిషికి మాత్రం వాట్సాప్ చీటీ చాలట.

‘ఎంత తేలికైతే అంత లాభం’ అన్నవాళ్లు తూకం గది చూసి ఉండరు. గుర్రానికి కేటాయించిన బరువు కన్నా జాకీ, జీను కలిపి తక్కువ తూగితే సీసపు పలకలు చేర్చి సరిచేస్తారు. అంతే.

ఇక ఇంగ్లండ్. వరుసగా 13 ఏళ్లు ఛాంపియన్‌గా నిలిచిన ఫ్రెడ్ ఆర్చర్ పొడగరి. 1886లో ఒక పెద్ద రేసు కోసం పస్తులుండి, విరేచనాల మందు తాగి బరువు దించాడు. అయినా ఒక పౌండు ఎక్కువే తూగి, గుర్రం తలంత తేడాతో ఓడాడు. కొద్ది రోజులకే తీవ్ర జ్వరంలో మతి చలించి 29వ ఏట ప్రాణం తీసుకున్నాడు. కొవిడ్ కాలంలో మూసిన రేస్‌కోర్సుల ఆవిరి గదులను ఇక తెరవబోమని బ్రిటన్ 2021లో ప్రకటించింది, కనీస బరువులనూ పెంచింది. మనవాళ్లు మాత్రం ఆర్చర్ కాలంలోనే ఉండాలంటున్నారు.

నిజంగా కొవ్వు తగ్గాలంటే సీజన్‌కు ఆరు వారాల ముందు మొదలెట్టి, వారానికి అరకిలో చొప్పున దించాలి. తెల్లవారుజామున ట్రాక్ వర్క్ (గుర్రాల సాధన) అయ్యాక ఖాళీ కడుపుతో చాయ్, ఉస్మానియా బిస్కెట్ కాకుండా రెండు గుడ్లు, పెసరట్టు తినొచ్చు. రోజుకు ఒక్కసారే కుంభం లాగించే బదులు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా తినాలి. పప్పు, పెరుగు, చికెన్ ఉండాలి. అన్నం తగ్గించాలి తప్ప మానకూడదు. నీళ్లు ఆపకూడదు. ఇంత చేసినా ఫలానా బరువు అందదనిపిస్తే ఆ మాట ట్రైనర్‌కు ముందే చెప్పాలి. ఆ రైడ్ ఇంకొకరికి వెళ్తుంది, మరో గుర్రం దొరుకుతుంది.